రాహుకాలం దాటాక తిమింగలం

ఇది సముద్రాన్ని గెలిచి వచ్చిన నలుగురు మగవాళ్ళ కథ. ఇందులో తాటిచెట్టంత అలలున్నాయి. చావు గడపదాకా పోయి, లోపలికి తొంగి చూసి, వెనక్కి రావడం ఉంది. పడవ కన్నా పెద్ద ప్రాణి పడవ కింద నుంచి పోవడం ఉంది. చదివేవాళ్ళు మంచం కోడు గట్టిగా పట్టుకుని కూర్చోవాలి.

అక్కర్లేదు, వదిలేయండి. నలుగురిలో ఒకరు పడవ నడిపే ఆయన, ఆయనకది రోజువారీ పని. మిగిలిన ముగ్గురిలో ఇద్దరం ఎక్కువసేపు వాంతులు చేసుకుంటూ గడిపాం. అలలు తాటిచెట్టంత లేవు, మహా అయితే మునగచెట్టంత. మూడో ఆయన మా మామ. పని మీద వచ్చింది ఆయనొక్కడే.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. తిరుపతిలో ఒక హైస్కూల్లో సైన్సు అయ్యవారు. పద్దెనిమిదేళ్ళుగా తొమ్మిదో తరగతికి తిమింగలం చేప కాదని చెప్తూ వచ్చాడు. ఆయనకున్న ఆధారమల్లా గోడకు వేలాడే ఒక పటం. అందులో చోటు చాలక తిమింగలాన్నీ గబ్బిలాన్నీ ఒకే సైజులో వేశారు. పిల్లల్లో సగంమంది తిమింగలం చూరుకు తలకిందులుగా వేలాడుతుందని పరీక్షలో రాసేవాళ్ళు. నేనూ ఆయన దగ్గరే చదివాను. నేనూ అలాగే రాశాను, కాకపోతే తెలిసే రాశాను.

ఆ ఏడు ఆయనకు నీటికాసులని వేలూరులో డాక్టరు చెప్పాడు. కోసి తీసేయడానికి అది పొర కాదు. చూపు అంచుల దగ్గర చావడం మొదలుపెట్టి లోపలికి వస్తుంది. అప్పటికే ఆయనకు పక్కనున్న మనిషి కనపడడు. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనపడుతుంది. ఆ గొట్టం కూడా ఏడాదో, రెండేళ్ళో అన్నాడు డాక్టరు. తిరుగు బస్సు చిత్తూరులో ఆగింది. చిత్తూరు బస్టాండులో టీ గ్లాసు చేతికొచ్చాక అన్నాడు.

"రేయ్, నేను తిమింగలాన్ని సూడాల."

"చిత్తూర్లో దొరకదు మామా. కాట్పాడిలో అడిగుంటే దొరికుండేదేమో."

ఆయన నవ్వలేదు. నా మాటకు మామ నవ్వకపోవడం అదే మొదలు. చేతిలో టీ ఒక్కసారిగా చల్లబడినట్టనిపించింది. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఆ అంగట్లో టీ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

తిరుపతిలో ఉండేవాళ్ళకు ఒక వసతి ఉంది. ఎవరినీ వెతుక్కుంటూ పోనక్కర్లేదు. ఎంతటివాడైనా ఒకరోజు గుండు కొట్టించుకోవడానికి మన ఊరికే వస్తాడు. అలాగే వచ్చాడు పడవాయన. నలభై ఏళ్ళుంటాయి. బస్టాండులో, కొత్త గుండు మీద చందనంతో, సూళ్ళూరుపేట బస్సు ఎక్కడాగుతుందని మమ్మల్నే అడిగాడు. పులికాట్ సరస్సు సముద్రంలో కలిసేచోట ఆయన పల్లె. మామకు ఆ మాట చాలింది. కుశలప్రశ్నలు లేకుండా తిమింగలాలు కనపడతాయా అని అడిగేశాడు.

"కనపడతాది సామీ. మాఘం పోయినాక, గాలి తిరిగేలోపల, రెండుమూడు తూర్లు. అయితే నీళ్ళమీద పేరు పలకగూడదు. పెద్దాయన అనాల."

"పేరు పలికితే?" అన్నాను.

"పిలిసినామనుకుంటాది."

మామ ఆ మాట దాటేసి ఏం మొక్కని వచ్చావని అడిగాడు.

"ముఖద్వారం కాడ పడవ తిరగబడింది. నేను బతికినా. అందుకే గుండు."

"పడవలో ఇంకెవరన్నా ఉండిరా?"

ఆయన తల తడుముకుని, వేళ్ళకంటిన చందనం చూసుకున్నాడు. "ఇద్దురుండిరి" అన్నాడు. అంతలో ఆయన బస్సొచ్చింది.

ఇంత మంచి సిఫారసున్న పడవాయన్ని మామ ఎందుకు వదులుకుంటాడు? బస్సు కిటికీలోంచే రోజు ఖాయం చేసుకున్నాడు. రెండో శనివారం, బడికి సెలవు.

ఆ పదిహేను రోజులూ మామ ఇంట్లో వడ్రంగం నడిచింది. కిరసనాయిలు డబ్బాను సగానికి కోశాడు. అడుగు రేకు తీసేసి, ఆ చోట గాజుపలక పెట్టి, చుట్టూ లప్పం కూరాడు. కిటికీ అద్దాలకు పెడతారే, సుద్దా నూనే కలిపిన ముద్ద, అదే. గాజువైపు నీళ్ళలో పెట్టి, పైనుంచి ముఖం లోపలికి దూరిస్తే సముద్రం అడుగుదాకా కనపడుతుందట. దానికితోడు బడి ప్రయోగశాల నుంచి ఒక రబ్బరు గొట్టం తెచ్చాడు, ఊపిరి పీల్చుకోవడానికి.

"డబ్బా పైన తెరుచుకునే ఉంటుంది గదా మామా, గాలి అదే వస్తాది. గొట్టమెందుకు?"

"డబ్బా మునిగితే?"

"డబ్బా మునిగితే గొట్టం కూడా మునుగుతాది."

"ఎందుకైనా మంచిది, ఉండనీ రా."

అత్త ఈ పనంతా వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది, వద్దని అనలేదు. ఆమె వద్దని ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. బయల్దేరే ముందురోజు మామ చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"రాహుకాలంలో పడవెక్కనని సెప్పు. నాకింకేమీ వద్దు."

శనివారం తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం. రాహువంటే చంద్రుడి మీద పడే నీడ అని పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పిన మనిషి, మారుమాట లేకుండా ఒట్టేశాడు. ఒట్టు నిలబడుతుందో లేదో చూడటానికి అత్త ఒక మనిషిని కూడా తోడిచ్చింది. అదే బడిలో తెలుగు అయ్యవారు, నిలువునా నామం పెట్టుకునే వైష్ణవుడు, మామకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన్ని మేము స్వామి అనేవాళ్ళం. నన్ను పంపిన కారణం నా చేతికి గడియారం ఉండటం. నాకు అప్పటికి వేరే అర్హతలు ఏమీ లేవు, డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్నాను.

శుక్రవారం సాయంత్రానికే పల్లె చేరి పడవాయన వసారాలో పడుకున్నాం. తెల్లారి లేచేసరికి పడవ ఇసుక అంచున తయారుగా ఉంది. చెక్కపడవ, వెనక చిన్న డీజిల్ ఇంజన్. పడవాయన మామను పక్కకు పిలిచి చెప్పాడు.

"ఇప్పుడు నీళ్ళు నిండుగా నిలబడుండాయి సామీ. తొమ్మిది దాకా అట్లే ఉంటాయి. ఆ తర్వాత తిరుగుతాయి. సరస్సంతా సముద్రంలోకి కక్కుతాది, ఎదురుగా అల వస్తాది. ఆ రెండూ కొట్టుకునే కాడ మనముండగూడదు."

ఇది ఏడుంబావుకి చెప్పిన మాట. ఎక్కేస్తే అయిపోయేది. కానీ స్వామి స్నానం కాలేదు. స్నానమయ్యాక సంధ్యావందనం. అదయ్యాక నామం. తిరుమణి సుద్ద అరగదీసి, నీళ్ళల్లో ముఖం చూసుకుంటూ, ఒక గీత వంకర పోతే తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి. నేను రెండుసార్లు పోయి దగ్గాను. "సముద్రం యాడికీ పోదప్పా" అన్నాడు స్వామి, నిదానంగా. ఆ మాట నిజమే. సముద్రం ఎక్కడికీ పోలేదు.

ముగ్గురం ఇసుకలో పరుగెత్తి పడవ దగ్గరికి వచ్చాం. మామ ఒక కాలు పడవలో పెట్టబోయి, ఆగి, నావైపు తిరిగాడు.

"టైమెంతరా?"

గడియారం నా ఒక్కడి చేతికే ఉంది. ఐదు తక్కువ తొమ్మిది అని ఉంటే అయిపోయేది. చిన్నప్పటి నుంచి ఆయనతో నేను ఆడిన అబద్ధాలు లెక్కపెడితే ఇంకొకటి ఏ మూలకూ రాదు. కానీ ఆ పూట నోట్లోంచి ఉన్నదే వచ్చింది.

"తొమ్మిదీ రెండు."

మామ కాలు వెనక్కి తీసుకున్నాడు. జీవితంలో నేను నిజం చెప్పి చేసిన చెడు అదొక్కటే. అందుకే ఆ అలవాటు పెంచుకోలేదు.

గంటన్నర ఆ ఇసుకలో కూర్చున్నాం. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత తీరానికి కట్టిన పడవలన్నీ ఒక్కొక్కటే తల తిప్పి సముద్రం వైపు చూడసాగాయి. నీళ్ళు మెల్లగా కదిలాయి, తర్వాత నడిచాయి, తర్వాత పరుగెత్తాయి. ముఖద్వారం దగ్గర తెల్లగా ఒక గీత లేచింది. అక్కడి నుంచి చప్పుడు, ఎవరో రాళ్ళబండిని దిగువకు తోసినట్టు, ఆగకుండా. ఒడ్డున వలలు బాగుచేసుకునే వాళ్ళు పని ఆపి మమ్మల్ని చూశారు. 

పడవాయన భార్య వచ్చి మా ముందు గొంతుక్కూర్చుంది. మా ముగ్గురి ముఖాలూ ఒకదాని తర్వాత ఒకటి పట్టి పట్టి చూసింది.

"మీ ఊర్లో ఎవరికి సెప్పాల?" అంది.

"ఏం చెప్పాల?" అన్నాడు స్వామి.

"పోయినతూరి ఆ ఇద్దురిదీ ఏ ఊరో తెలీక శానా కష్టమైపాయె."

స్వామి తన ఇంటి చిరునామా పిన్‌కోడుతో సహా చెప్పాడు. ఆమెకు చదువు రాదు, అయినా రెండుసార్లు వల్లె వేసింది. నా వంతు వచ్చినప్పుడు, మా ఇంట్లో అయితే పొద్దున చెప్పండి, రాత్రి చెబితే అన్నం మిగిలిపోతుందన్నాను. ఆమె తలూపి అది కూడా గుర్తుపెట్టుకుంది.

పడవాయన పదింటికి వచ్చి, రేపు పొద్దున పోదామా అన్నాడు.

"రేపు ఉంటాదా?" అన్నాడు మామ.

"సెప్పలేం. నిన్న ఉండె. నేను సూసినా."

"అయితే ఈ పొద్దే" అన్నాడు మామ. వేడుకోలు లేదు ఆ గొంతులో. బడిలో హాజరు పిలిచినట్టు అన్నాడు. పడవాయన ఆయన కళ్ళలోకి ఒక నిమిషం చూసి తన గుండు నిమురుకున్నాడు. నూగు మొలిచింది అంతే.

"సరే సామీ. మళ్ళీ మొక్కుకుందామంటే నా కాడ ఇంకా ఎంటికలు రాలేదు. అది మనసులో పెట్టుకోండి."

పదీ ముప్పై ఒకటికి ఎక్కాం. ముఖద్వారం దాటడం గురించి నాకు వరసగా గుర్తులేదు. పడవ ముక్కు ఆకాశంలోకి లేచినప్పుడు స్వామి నా మీద ఉన్నాడు. దిగినప్పుడు నేను స్వామి మీద ఉన్నాను. ఇంజన్ ఒకసారి దగ్గి ఆగింది. ఆగినప్పుడు వినపడిన నిశ్శబ్దం, అంత హోరులో కూడా, నాకిప్పటికీ చెవిలో ఉంది. పడవాయన తాడు లాగాడు, మళ్ళీ లాగాడు. పక్కనుంచి వచ్చిన అల పడవను అడ్డంగా తిప్పబోయింది. మూడోసారికి ఇంజన్ అందుకుంది. మంచినీళ్ళ కుండ పగిలింది. స్వామి చెప్పులు పోయాయి. అన్నిటికీ మించి స్వామి నిలువునా తడిశాడు. పర్వదినం కాని రోజు సముద్రాన్ని తాకితే పాపమని ఆయన మాకు ముందు రాత్రంతా చెప్పాడు.

"నేను తాకలేదప్పా" అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే. "మీరు సూసినారు గదా. అదే నన్ను తాకింది. దోషం దానిది."

మామ మాత్రం డబ్బాను రెండు చేతులా పొట్టకు హత్తుకుని కూర్చున్నాడు. ఆయనకు పక్కల నుంచి వచ్చే అలలు కనపడలేదు. కనపడనివాడికి ఉండే ధైర్యం అది. నేను కూడా కళ్ళు మూసుకుని చూశాను. నాకది పనిచేయలేదు.

బయట సముద్రం నూనె పోసినట్టు ఉంది. ఒడ్డు సన్నని గీతైంది, తర్వాత అదీ పోయింది. పడవాయన ఇంజన్ ఆపాడు. గాలి లేదు, పక్షి లేదు. ఎండ నేరుగా నడినెత్తిన. నేనూ స్వామీ చెరో పక్కన వంగి పొద్దున తిన్నవి సముద్రానికి ఇచ్చేశాం. గంట గడిచింది. ఏమీ లేదు.

"తిమింగలం ఈ రోజు సెలవేమో, రెండో శనివారం గదా" అన్నాను.

పడవాయన తల నావైపు గిరుక్కున తిరిగింది. నాలుక కరుచుకున్నాను. పేరు పలికేశాను.  నీళ్ళు పడవ చెక్కను నాకుతున్న చప్పుడు ఒక్కటే.

అప్పుడు వినపడింది. ముందు చప్పుడే, కనపడటం తర్వాత. పెద్ద మనిషి ఎవరో నిద్రలో బరువుగా ఊపిరి వదిలినట్టు. ఎడమపక్క నీళ్ళలోంచి పొగలాంటిది లేచింది. దాని కింద నల్లటి వీపు, తడి బండలా, వచ్చింది, వస్తూనే ఉంది, అయిపోలేదు. కుళ్ళిన చేపల వాసన మా మీదికి వీచింది.

"అదో! అదో!" అన్నాం ముగ్గురం.

"యాడ? యాడరా?" మామ తల తిప్పాడు. ఆయన గొట్టం ఆకాశాన్ని వెతికింది, పడవ అంచును వెతికింది, నా ముఖాన్ని వెతికింది. వీపు మునిగిపోయింది.

రెండోసారి కుడిపక్క లేచింది, ఇంకా దగ్గరగా. నేను మామ తలను రెండు చేతులా పట్టుకుని అటు తిప్పాను. తిప్పేసరికి సుడి తిరుగుతున్న నీళ్ళే మిగిలాయి.

"ఊపిరి ఇడిసింది గదా?" అన్నాడు మామ. "విన్నారు గదా మీరు? సేపయితే ఊపిరి ఇడవదు."  పద్దెనిమిదేళ్ళ పాఠం చెవులకు రుజువైంది. కళ్ళకు కాలేదు.

మూడోసారి అది పైకి రాలేదు. పడవాయన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ పడవ అడుగు చెక్క మీద ఆనించి ఉంచాడు. "కిందుండాది" అన్నాడు పెదాలతో, గొంతు లేకుండా. నేను వంగి చూశాను. ఆకుపచ్చగా ఉన్న నీళ్ళు ఒక కొస నుంచి నల్లబడుతూ వస్తున్నాయి. మబ్బు నీడ అనుకుని పైకి చూశాను. మబ్బు లేదు.

మామ అప్పటికే నడుముకు తాడు కట్టుకున్నాడు. ఇంకో కొస నా చేతిలో పెట్టాడు. "ఎదురుగా ఉంటే నాకు కనపడతాది" అన్నాడు. "ఇప్పుడది నాకు ఎదురుగానే ఉండాది." రబ్బరు గొట్టం పళ్ళ మధ్య కరుచుకుని, డబ్బాతో సహా అంచు మీద నుంచి జారాడు. సొంతూరు ఐరాల బావుల్లో ఈత నేర్చుకున్న మనిషి, చప్పుడు లేకుండా దిగాడు.

డబ్బాలో ముఖం పెట్టి బోర్లా తేలాడు. నేనూ స్వామీ తాడు పట్టుకున్నాం. నలుపు ఆయన కిందికి వచ్చి ఆగింది. నిజంగా ఆగింది. మామ చేతులూ కాళ్ళూ కదలడం మానేశాయి. అత్తకు ఏం చెప్పాలో నేను వాక్యాలు కూర్చుకోవడం మొదలుపెట్టాను. మంచి వాక్యం ఒక్కటీ రాలేదు. నా దగ్గర మాట లేకపోవడం కూడా అదే మొదలు. స్వామి గోవింద నామం ఆపి, నా చెవిలో, "లాగుదామా?" అన్నాడు. నేను వద్దన్నాను. ఎందుకన్నానో తెలియదు. లాగితే ఆయనకు ఇంకోసారి ఉండదని నాకు తెలుసు, అంతే.

తర్వాత నీళ్ళు ఆకుపచ్చబడ్డాయి. పడవ జానెడు లేచి దిగింది. మామ తాడును రెండుసార్లు గుంజాడు.

పైకి లాగాక పడవ అంచుకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"సూసినా" అన్నాడు చివరికి. "కన్ను. ఎనుముది ఉంటాదే, అట్లా ఉండాది. అది కూడా నన్ను సూసింది."

తిరుగు ప్రయాణంలో ముఖద్వారం మమ్మల్ని రానివ్వలేదు. నీళ్ళు మళ్ళీ లోపలికి ఎక్కేదాకా ఆ తెల్లగీతకు ఇవతల, మంచినీళ్ళు లేకుండా, సాయంత్రం ఆరున్నర దాకా ఊగుతూ ఉన్నాం. ఒడ్డున పడవాయన భార్య నిలబడి ఉండటం కనపడుతోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. స్వామి పిన్‌కోడు వల్లె వేస్తోందని నా అనుమానం. చివరికి ఒక అల వెనకెక్కి లోపలికి వచ్చిపడ్డాం. ఎవరూ చావలేదు. ఆమె కొంచెం నిరాశపడ్డట్టు కనిపించింది గానీ అన్నం వండి పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చేరాం. డబ్బా కడగమని అత్త నాకిచ్చింది. పెరట్లో వెలుతురుకు పట్టుకుని చూశాను. గాజు నిండా తెల్లటి పొర. లప్పం పూర్తిగా ఆరకముందే నీళ్ళలో పెట్టాం. నూనే సుద్దా కరిగి గాజంతా పాకి గట్టిపడింది. వేలు పెట్టి చూస్తే వేలు కనపడలేదు. ఆ పొర ఎప్పుడు పట్టిందో, మామ దిగకముందో, దిగాకో, ఒడ్డుకు వస్తున్నప్పుడో, నాకు తెలియదు. ఆయన్ని అడగలేదు.

అత్త నా వెనకే నిలబడి ఉంది.

"నిజంగా సూసినాడా?"

గడియారం విషయంలో ఒకసారి నిజం చెప్పి ఉన్నాను.

"సూసినాడత్తా. కన్ను కూడా సూసినాడు. నేను పక్కనే ఉండా."

మామ ఇప్పటికీ తొమ్మిదో తరగతికి ఆ పాఠం చెప్తున్నాడు. పటం తీయించేశాడు, ఆయనకు ఎలాగూ కనపడదు. గేదె కన్నులాంటి ఆ కన్ను దగ్గర పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారట.

ఆ గాజు ఎంత తోమినా తెల్లపొర వదల్లేదు. డబ్బా నుంచి ఊడదీసి అత్త వాళ్ళ స్నానాలగది కిటికీకి బిగించాను. తొమ్మిదింబావు అంగుళాలకు తొమ్మిదింబావు, కొలత సరిగ్గా సరిపోయింది. వెలుతురు వస్తుంది, అటునుంచి ఇటు ఏమీ కనపడదు. నాలుగు చిన్న మేకులు పట్టాయి.